తాళం వెయ్యకూడని కొట్టు

సముద్రం ఒడ్డునున్న మా ఊరు ఔడెర్‌హుక్‌లో కరకట్ట పక్కనున్న చెక్కల కొట్టుకి చెడ్డపేరు. చీకటి పడితే అటు ఎవరూ పోరు. లోపల టక్... టక్... మని చెక్కలు కదిలే చప్పుడు. ఎప్పుడో సముద్రంలో పోయిన వడ్రంగి దెయ్యమై తిరుగుతున్నాడని చెప్పుకునేవాళ్ళు.

కరకట్టకి మధ్యలో గండిలా, బండ్లు పోయే దారి ఉంది. సముద్రం పొంగితే దాన్ని అడ్డుచెక్కలతో మూసెయ్యాలి. ఆ చెక్కలన్నీ కొట్టులోనే. దానికి తాళం వెయ్యకూడదని తాతల నాటి కట్టడి — ఆపదలో తాళంచెవి వెతుక్కుంటూ కూర్చోకూడదు కదా. ఏటా చలికాలానికి ముందు చెక్కలు దించి, బిగించి చూడాలి. యుద్ధం అయ్యాక ఆ పని మానేశారు. అడిగితే, దెయ్యం ఉందిగా అనేవాళ్ళు.

ఓ ఫిబ్రవరి రాత్రి వాయవ్యం నుంచి గాలి లేచింది. నీళ్ళు కట్ట మీదికి ఎగబాకుతున్నాయి. క్రైన్ ఇల్లు కట్ట కిందే. భార్య కోబా, నెలల పాప.

"ముందు పోయి దారి మూయండి," అంది కోబా. "మూశాకే నాకు కునుకు పట్టేది."

క్రైన్ లాంతరు పట్టుకుని బయల్దేరాడు. వెనకాల మేనమామ లేన్, ఇంకో నలుగురు.

కొట్టు ముందు అందరూ ఆగిపోయారు.

"నువ్వే తియ్యి అల్లుడూ," లేన్ గొణిగాడు. "నీకైతే ఏడవడానికి పెళ్ళాముంది."

లోపల... టక్.

ఆగింది. మళ్ళీ... టక్.

క్రైన్ తలుపు తోశాడు.

ఒకే ఒక్క చెక్క. గాలికి ఊగి గోడకి కొట్టుకుంటోంది. దారి మొత్తం మూసేటన్ని చెక్కలుండాల్సిన చోట — వట్టి నేల.

దొంగ అన్న మాట ఎవరి నోటా రాలేదు.

"నేను తీసింది ఒక్కటే," లేన్ నేలకేసి చూస్తూ అన్నాడు. "ఓ ఏడాది చలికి... పొయ్యిలోకి."

"నేనూ ఒక్కటే. పందులదొడ్డి తలుపుకి," అన్నాడు వెనకాల ఒకడు.

"మరి వడ్రంగి?" అడిగాడు ఇంకొకడు.

"మీరెవరూ ఇటు రాకుండా ఆ కథ నేనే పుట్టించాలేరా," అన్నాడు లేన్. "తర్వాత నిజంగానే చప్పుడు వినపడింది. హడలి చచ్చా."

"అది నేనే మావా... చెక్క లాగుతుంటే," అన్నాడు పందులదొడ్డివాడు.

క్రైన్ లాంతరు కిందికి దించాడు. అతను తీసిందీ ఒక్కటే. పాప ఉయ్యాలతొట్టి కోసం.

ఇసక బస్తాలకని పరిగెత్తేలోగా నీళ్ళు దారిలోంచి ఊళ్ళోకి దూకాయి.

క్రైన్ ఇల్లు చేరేసరికి నడుం లోతు. కోబా బల్లమీద నిలబడి ఉయ్యాల తాడు పట్టుకుంది. ఉయ్యాల తేలుతోంది. అందులో పాప, తడవకుండా, కళ్ళు తెరుచుకుని...

"మూశారా?" అంది కోబా.

అతను ఉయ్యాల అంచు పట్టుకున్నాడు.

పక్కింటి చీకట్లోంచి ఆ ఇంటావిడ నీల్చే తన పిల్లల్ని పిలుస్తోంది — మెల్లగా, ఒక్కొక్కర్నీ పేరు పెట్టి, ఆగి, చెవి ఒగ్గి, మళ్ళీ మొదటి పేరు నుంచి.