వినపడని ప్రార్థనకు ఆమేన్

మొదలుపెట్టిన రోజు లెక్క ముగ్గురే. అమ్మ, అక్క, అతను.

నాన్న పోయాక ఆ ఇంట్లో సాయంత్రం ప్రార్థన ఆగిపోయింది. అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరి, నిమిషానికి ముప్పై నాలుగు సార్లు ఎగశ్వాస తీసే స్థితికి వచ్చాక, మళ్ళీ మొదలుపెడదామని అక్కే అంది. ముప్పై నాలుగని లెక్కపెట్టింది మాత్రం అతను. ముందు గదిలో ఫ్యాన్ మోటార్లకు రాగి తీగ చుట్టే కొట్టు అతనిది. ఇరవై రెండేళ్ళకే ఎవరి సాయమూ లేకుండా పెట్టుకున్నాడు. ఫోన్ మాట్లాడుతూ మూడు వందల చుట్లు చుడతాడు, ఒక్కటి తప్పదు. లెక్కల మాస్టారని అక్క ఏడిపిస్తుంది.

ప్రార్థన పద్ధతి నాన్న పెట్టిందే. ఏడింటికి లైటు ఆర్పేస్తారు. అమ్మ మంచం మీద, ఎదురుగా రెండు స్టూళ్ళ మీద వీళ్ళిద్దరూ, గుండ్రంగా చేతులు పట్టుకుని కళ్ళు మూసుకుంటారు. ఒకరి ప్రార్థన అయిపోగానే పక్కవాళ్ళ చెయ్యి నొక్కాలి. అప్పుడు వాళ్ళ వంతు. ముందు అమ్మ, తర్వాత అక్క, చివర అతను. అతను ఆమేన్ అంటే అక్కడ అడిగినవన్నీ కలిపి దేవుడి ముందు పెట్టినట్టు. ఆ మాట వినపడేదాకా కళ్ళు తెరవకూడదు.

నాలుగో రోజు అమ్మ ప్రార్థన అయ్యాక అక్క వెంటనే అందుకోలేదు. తీగ చుట్లకు పూసే వార్నిష్ వాసనా, అమ్మ ఛాతీకి రాసిన మందు వాసనా కలిసిన ఆ చీకట్లో పద్దెనిమిది సెకన్లు ఏ చప్పుడూ లేదు. దుఃఖం దిగమింగుకుంటోందేమో అనుకున్నాడు. మర్నాడు ఇరవై మూడు. ఆ మర్నాడు ఇరవై ఎనిమిది.

అదే రోజుల్లో అమ్మ కోలుకోసాగింది. ముప్పై మూడు, ముప్పై రెండు, ముప్పై ఒకటి. ఇటు నిశ్శబ్దం అయిదు పెరిగితే అటు ఊపిరి ఒకటి తగ్గుతోంది. డాక్టరు మందు పనిచేస్తోందన్నాడు. ఇంకో వారం ఇలాగే సాగితే అమ్మ మెట్లు దిగుతుందని అతను కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ప్రార్థన మధ్యలో కునుకు తీస్తున్నావా అని అక్కని ఆట పట్టిస్తే, అక్క నవ్వలేదు.

పద్నాలుగో రోజు, నిశ్శబ్దం అరవై ఎనిమిది సెకన్లు సాగిన సాయంత్రం, అమ్మ అన్నం కలుపుకుంటూ మామూలుగా అంది.

"మీ అక్క సరిగ్గా తింటోందా నాన్నా? చెయ్యి చిన్నపిల్ల చెయ్యిలా అయిపోయింది. పైగా మంచుగడ్డలా ఉంటోంది."

అతను గిన్నెలు తోముతున్న అక్క దగ్గరికి వెళ్ళి ఆమె చేతులు చూశాడు. ఎప్పటిలాగే మొరటుగా, వెడల్పుగా ఉన్నాయి. అక్క కుళాయి కట్టలేదు. నీళ్ళ చప్పుడు చాటున, తల తిప్పకుండానే చెప్పింది.

"నేను పట్టుకునేది కూడా అమ్మ చెయ్యి కాదురా. నాలుగో రోజు నుంచీ నాకు తెలుసు. మా ఇద్దరి మధ్యా ఇంకొకరు కూర్చుంటున్నారు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"అమ్మ కోలుకుంటోంది కదా. కెలక్కు."

పదిహేనో రోజు అతను అక్క స్టూలు మీద కూర్చున్నాడు. ఏం జరిగినా తనకే జరగనీ అని. వరస మారింది కాబట్టి, చివరి ఆమేన్ అతనిదే అయ్యేలా, ముందు అక్క ప్రార్థన చేసి అమ్మ చెయ్యి నొక్కింది. అమ్మ చేసింది. అతని ఎడమ చేతిలో అక్క చెయ్యి. కుడి చెయ్యి చీకట్లోకి చాపాడు... చిన్న వేళ్ళు వచ్చి పట్టుకున్నాయి.

తడి లేదు. బరువు లేదు. చలి మాత్రం మోచేతి దాకా పాకింది.

లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఈ రోజు డెబ్బై మూడు దగ్గర ఆగాలి. డెబ్బై ఒకటి... డెబ్బై రెండు... డెబ్బై మూడు.

ఆగలేదు.

తొంభై. నూట పది. అప్పుడు అర్థమైంది. ఇన్ని రోజులూ అది నిశ్శబ్దంలా ఎందుకు వినపడిందో. ఆ సమయమంతా అమ్మ పిల్లికూతలు లేవు. ఆ పక్కనున్నది ప్రార్థన చేస్తున్నంతసేపూ అమ్మ ఊపిరి తీయడం లేదు.

నూట యాభై.

"అక్కా..." వినీ వినపడనట్టు గొణిగాడు. "అమ్మ చెయ్యి?"

"నా చేతిలోనే ఉంది." అంది అక్క. "చల్లబడిపోతోందిరా..."

అతని కుడి చేతిలో ఉన్నది వెచ్చబడుతోంది. చిన్న వేళ్ళు మెల్లగా సాగుతున్నాయి. మడతలు పడుతున్నాయి. కీళ్ళ దగ్గర ఉబ్బుతున్నాయి. ఊపిరి చప్పుడు మళ్ళీ వచ్చింది. అదే కూత, అదే గురక. మంచం వైపు నుంచి కాదు... కుడి పక్క నుంచి, అతని భుజానికి ఆనుకుని.

ఆ చెయ్యి అతని చేతిని నొక్కింది. అతని వంతు.

"కానియ్యి నాన్నా," అంది అమ్మ గొంతు, చెవి పక్కనే. "ఆలస్యం చెయ్యకు. ఆమేన్ అను."

పదకొండు సాయంత్రాలు. ఏం అడుగుతోందో ఒక్క ముక్క వినకుండా, పదకొండు సార్లు ఆ ప్రార్థనకు అతనే ఆమేన్ చెప్పాడు. పన్నెండోది ఇంకా అతని నోట్లోనే ఉంది. అక్క ఏడుస్తూ అమ్మా, అమ్మా అని పిలుస్తోంది, మంచం వైపు తిరిగి. పలుకుతున్నది మాత్రం కుడి పక్కనుంచే.

ఆ మాట పొరపాటున కూడా జారకుండా పళ్ళు బిగబట్టాడు. అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తల కుడివైపు తిప్పి, మెల్లగా కనురెప్పలు ఎత్తడం మొదలుపెట్టాడు.