కొట్టం కప్పు జారిన రోజు

నాకు అన్నిటికన్నా భయం ఒక్కటే. మంచుచరియ విరిగి మా ఆయన దాని కింద ఉండిపోతాడని, మా చంటిది బేగిమాయ్‌కి నాన్న గొంతు కూడా గుర్తుండదని.

ఆ పొద్దున అతిథుల్ని కొండ మీదికి తీసుకెళ్ళడానికి ఆయన స్కీలు భుజాన వేసుకుంటూ నవ్వాడు. "కొండని చూస్తూ దిగులుపడకు. కొట్టం కప్పుని చూడు. ఆ కప్పు, మేం దిగే వాలు, రెండూ ఒకే దిక్కుకి ఉన్నాయి. దాని మీద మంచు జారితే రేడియోలో పిలువు."

"పిలవకపోతే?"

"నువ్వు కాచే మాంసం చారు, ఆ షోర్పో, నువ్వే తాగాలి."

మనిషి తీరే అంత. మొదటిసారి చూసినప్పుడు కూడా కొండ మీంచి స్కీలతో వచ్చి మా గడ్డివాములో తలకిందులుగా దిగబడి, "ఇది నిన్న ఇక్కడ లేదే!" అని నన్నే దబాయించాడు. పార ఎత్తాను. ఆ వసంతంలోనే వాళ్ళింటికి కోడలినయ్యాను.

మధ్యాహ్నానికి తుఫాను ముదిరింది. కొండ కనిపించడం మానేసింది. ఉన్నట్టుండి గాలి మళ్ళింది, సరస్సు వైపు నుంచి, వెచ్చగా. పడే మంచు తడితడిగా మారింది. చూరు కారడం మొదలుపెట్టింది. పాపకి పాలిస్తూ చూస్తుండగానే కొట్టం కప్పు మీది మంచంతా ఒక్క పలకలా ధబ్బున జారిపడింది. లోపల ఆవులు బెదిరి అరిచాయి.

రేడియో అందుకున్నాను. పక్కనే అత్తయ్య ఉన్ని వడుకుతోంది. మా వాళ్ళలో కోడలు భర్తని పేరు పెట్టి పిలవదు, అత్తగారి ముందు అసలే పిలవదు.

"పాప వాళ్ళ నాన్నా! ఆ వాలు దిగకండి, కప్పు జారింది!"

గరగర. ముందు గుంపుతో వెళ్ళిన ఆయన స్నేహితుడు ఎర్మెక్ పలికాడు. "ఏ పాప నాన్న, వదినా? ఈ కొండ మీద పాపల నాన్నలం ముగ్గురం ఉన్నాం!"

"వేళాకోళం కాదు! ఆయనెక్కడ?"

ఎర్మెక్ గొంతు మారిపోయింది. "వెనకాల. మేం అడవిలోకి దిగేశాం, వాడింకా అంచు మీదే ఉన్నాడు. ఈ గాలిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారనుకుంటాడు. పేరు పెట్టి పిలువు వదినా!"

అత్తయ్య చేతిలో కదురు ఆగింది.

"కుబాత్!"

గాలి తప్ప ఏమీ లేదు.

"కుబాత్! ఆగు! దిగకు!"

తిడుతుందనుకున్నాను. అత్తయ్య రేడియోని నా నోటికి ఇంకా దగ్గరగా నొక్కింది. "గట్టిగా పిలువమ్మా. వాడికి చిన్నప్పట్నుంచీ ఒక్క కేకకి పలికే అలవాటు లేదు."

"కుబాత్!"

"...వింటున్నా." ఆయన రొప్పుతున్నాడు. "వెనక్కి తిరుగుతున్నాం. గట్టు మీదుగా అడవి దారిన..."

మాట తెగింది. కొండలోంచి పెద్ద ఉరుములాంటి మోత. కిటికీ అద్దాలు వణికాయి. పాపని గుండెకి అదుముకున్నాను. అత్తయ్య పెదవులు ప్రార్థనతో కదులుతున్నాయి.

ఎంతసేపని చెప్పను!

"మేం దిగాల్సిన వాలే అది," అంది రేడియో చివరికి. "అందరం పైనే ఉన్నాం." ఆ వెంటనే, "ఇందాక నన్నేమని పిలిచావు?"

"ఏమీ లేదు."

"మళ్ళీ ఒక్కసారి."

"ఇంటికి రండి. షోర్పో చల్లారుతోంది."

"అనేయ్ వదినా, మేమూ వింటున్నాం!" అని ఎర్మెక్.

నేను అత్తయ్య వైపు చూశాను. ఆమె కళ్ళు తుడుచుకుని, నవ్వాపుకుంటూ కిటికీ వైపు తిరిగిపోయింది. నేను వినడం లేదులే అన్నట్టు.

అన్నాను.

ఇప్పటికీ ఆయన కొండెక్కుతూనే ఉన్నాడు. మీరెప్పుడైనా స్కీలతో మా ఊరు జిర్గలాన్ వస్తే ఎర్ర టోపీతో కనిపిస్తాడు. బ్యాటరీ మిగలాలని రేడియో ఆపేసుకునే పాడలవాటు ఒకటి. గాలి వెచ్చబడితే మాత్రం దయచేసి దగ్గరికెళ్ళి ఒకసారి చూడండి. పేరు పెట్టే పిలవండి. "మళ్ళీ ఒక్కసారి" అన్నాడంటే బాగున్నట్టే.