ఉగ్గుగిన్నెలో పాలు

గురువారం ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు ప్రొద్దుటూరులో, బట్టల వ్యాపారి గుణశేఖర్ ఇంటి మిద్దె మీద ఒక గరుడ పక్షి చనిపోయింది. ఆ రోజు గరుడ పంచమి.

ఇరవై మూడు రోజుల క్రితం మైలవరం జలాశయంలో దాని రెక్కకు గాలం దారం చుట్టుకుంది. చేపలు పట్టే జహీర్ చూసి సాహితికి ఫోన్ చేశాడు. సాహితి గుణశేఖర్ కూతురు. గాయపడిన పక్షులను, జంతువులను కాపాడే బృందంలో రెండేళ్లుగా పనిచేస్తోంది. డాక్టరు రెక్కకు కుట్లు వేశాడు. నయమయ్యేదాకా ఇంట్లో ఉంచడానికి అటవీశాఖ వాళ్లు ఒప్పుకున్నారు. ఆదివారం మైలవరంలో వదిలిపెట్టాలి.

గరుడ పక్షి చేపలు తింటుంది. ఆ ఇంటి గడప ఏనాడూ కోడిగుడ్డు కూడా దాటలేదు. చేపలు బయటి మెట్ల మీదుగా మిద్దెకు వెళ్లేవి. సాహితి మిద్దె మీది కుళాయి దగ్గర స్నానం చేసి కిందికి దిగేది. తల్లి పద్మశ్రీ తొమ్మిది రోజులు ఆమెతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది కానీ పక్షి ఊసు ఎత్తలేదు.

ఆ ఉదయం ఆరున్నరకు సాహితి చెప్పులు వేసుకుంది.

"యాడికి?"

"బస్టాండుకుమా. జహీర్ మామ చేపలు పంపినాడు."

"పండగ పూట గూడా నీసేనా? స్వామి వాహనమే అది."

"పండగని దానికి తెల్దు గదా."

"నీకు తెలుసు గదా." పద్మశ్రీ నవ్వింది. "పో. జల్దీ రా."

బస్సు ఆలస్యమైంది. ఏడుంబావుకు సాహితి వచ్చేసరికి పద్మశ్రీ పట్టుచీరలో, తడి తలతో మిద్దె మీద కూర్చుని ఉంది. ఒళ్లో తువ్వాలలో చుట్టిన పక్షి. పక్కన వెండి ఉగ్గుగిన్నె. చంటిపిల్లప్పుడు సాహితికి పాలు పట్టిన గిన్నె అదే.

"నీకు పోసినట్టే పాలు పోసినా," అంది పద్మశ్రీ. "ఒక్క చుక్క కక్కలా."

పక్షి నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. ముక్కు రంధ్రాల్లో తెల్లటి నురగ ఉంది.

సాహితి దాని తల కిందికి వంచింది. నురగ తుడిచింది. డాక్టరుకు ఫోన్ చేసింది. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటాయని, వెంటనే తెమ్మని ఆయన చెప్పాడు. కిందికి పోయి అట్టపెట్టె తెచ్చేసరికి పక్షి కదలడం లేదు.

"చంపినావు కదమా."

"పాలే గదా నేను పోసింది."

"నోట్లో నీళ్లు గూడా పోయగూడదు దానికి."

"నాకెవురు చెప్పినారు?"

ఆ సంగతి సాహితి మొదట్లోనే జహీర్‌కు చెప్పింది. బృందంలో అందరికీ చెప్పింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"నువ్వు చెప్పలా. నేను అడగలా," అంది పద్మశ్రీ.

గుణశేఖర్ మిద్దె ఎక్కి వచ్చాడు. "పోనీలేమ్మా, పక్షే గదా" అన్నాడు. ఇద్దరిలో ఎవరూ ఆయన వైపు చూడలేదు.

పదకొండు గంటలకు పశువుల ఆసుపత్రిలో శవపరీక్ష జరిగింది. ఊపిరితిత్తుల్లో పాలు ఉన్నాయి. అటవీశాఖ ఉద్యోగి నారాయణ కాగితం తీశాడు.

"పాలు పోసింది ఎవరు?"

"నేను," అంది సాహితి.

"అది అబద్ధం చెప్తాంది. నేను పోసినా. రాసుకోప్పా," అంది పద్మశ్రీ.

"పోయగూడదని చెప్పాల్సింది నేను. అది గూడా రాయండి."

"ఒక్క పేరుకే చోటుంది తల్లీ ఇందులో," అన్నాడు నారాయణ.

పద్మశ్రీ కూతురి చెయ్యి పట్టుకుంది. పొద్దున చేపల సంచి మోసిన చెయ్యి అది. ఇంకా కడుక్కోలేదు. పద్మశ్రీ అప్పటిదాకా ఏడవలేదు.

కాగితం మీద ఒకదాని కింద ఒకటి రెండు సంతకాలు ఉన్నాయి. వాటి పైన పక్షి వివరాలు రాశారు. రెక్క గాయం పూర్తిగా మానింది. దొరికిన రోజు బరువు నాలుగు వందల పది గ్రాములు. చనిపోయిన రోజు ఐదు వందల అరవై.