పెద్దాయనను ఎవరు లేపుతున్నారు?

ఆ ఆఫీసులో నేల అంతస్తు చివర, మెట్ల కింద, ఒక గది ఉంది. దానికి మంచి పేరు లేదు. పట్టపగలు అటు వెళ్ళాల్సి వచ్చినా జనం ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ వెళ్తారు. ఖాళీగా కనబడితే గదే పలకరిస్తుందేమోనని భయం.

గదిలో ఉండేది ఒకే ఒక్క పాత సర్వరు. దాన్నందరూ పెద్దాయన అంటారు. మూడో అంతస్తులో నలభై మంది రాసే ప్రోగ్రాం ముక్కల్ని రోజూ కలిపి, పరీక్షించి, తప్పులుంటే మొహాన కొట్టి, లేకపోతే మూటగట్టి ఆసుపత్రులకు పంపడం ఆయన పని. ఏ రోగికి ఏ మందు ఎంత ఇవ్వాలో నర్సులకు చూపించే ప్రోగ్రాం అది. తొమ్మిదేళ్ళుగా పెద్దాయన ఆ పని చేస్తూనే ఉన్నాడు. తొమ్మిదేళ్ళుగా ఆయనలోని సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ మార్చలేదు.

మార్చబోయారు... ముగ్గురు.

మొదటివాడు రాత్రిపూట పెద్దాయనను ఆపేసి, పక్కనే ఉన్న ఆయన డిస్కుల పెట్టెలో ఉన్నదంతటికీ పైన తన సీట్లోంచే నకలు తీస్తూ కూర్చున్నాడు. సగంలో ఉండగా, ఆపిన యంత్రం దానంతట అదే లేచింది. లేచి, అదే డిస్కుల మీద రాయడం మొదలుపెట్టింది. నాలుగు రోజుల పని మట్టిగొట్టుకుపోయింది. వారం తిరక్కుండా అతను ఉద్యోగం మానేశాడు.

రెండోవాడు ఆపాడు — లేచింది. మళ్ళీ ఆపాడు — మళ్ళీ లేచింది. సంగతేమిటో చూద్దామని చీకట్లో మెట్లు దిగుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు.

మూడో ఆయన ఇప్పటి మేనేజరు. ఆ రాత్రి ఏం చూశాడో ఇవాళ్టికీ నోరు విప్పలేదు. తెల్లారగానే గదికి తాళం వేయించి, తాళంచెవి తన సొరుగులో పెట్టుకుని, తలుపు మీద కాగితం అంటించాడు. 'పనిచేస్తోంది. ముట్టుకోవద్దు.'

అలా ఇంకొన్నేళ్ళు గడిచేవే. కానీ ఆసుపత్రులవాళ్ళు తనిఖీకి మనిషిని పంపారు. అతను పెద్దాయనను చూసి నోరెళ్ళబెట్టాడు. ఇంత పాత సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని కన్నాలున్నాయో ప్రపంచంలో ప్రతి దొంగకూ తెలుసు, ఎవడైనా దూరి మందుల లెక్క మార్చేస్తే మనుషుల ప్రాణాలు పోతాయి, వచ్చే నెల మొదటి సోమవారంలోగా మార్చకపోతే మీతో మాకు పని లేదు — అని రాసి పోయాడు.

ఆ కాగితం ఆఫీసంతా తిరిగింది. ఒకడికి నడుం నొప్పి పట్టుకుంది. ఇంకొకడికి మరదలి పెళ్ళి ఊడిపడింది. అలా తిరిగి తిరిగి చివరికి అక్కయ్య బల్ల మీద వాలింది.

అక్కయ్య అంటే ఆ ఆఫీసులో అందరికన్నా కొత్త ఉద్యోగి, వయసులో మాత్రం అందరికన్నా పెద్ద. పిల్ల పుట్టాక ఎనిమిదేళ్ళు ఇంట్లో ఉండి, ఎన్నో ఇంటర్వ్యూల్లో 'ఇన్నాళ్ళూ ఏం చేశారు మేడమ్' అన్న ప్రశ్నకు పళ్ళు బిగబట్టి నవ్వి, చివరికి ఇక్కడ కుదిరింది. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. ఆ ఆరు నెలలూ ఆ సోమవారంతోనే ముగుస్తాయి. అంటే పని గట్టెక్కితే ఉద్యోగం, లేకపోతే మళ్ళీ ఇల్లు.

ఆమె దెయ్యాలను నమ్మదు. తొందరనూ నమ్మదు. రెండు వారాలు పెద్దాయన జోలికే పోలేదు. పాత నకలొకటి వేరే యంత్రంలో పోసి, దాని మీద కసరత్తు చేసింది. తొమ్మిదేళ్ళ దూరం ఒక్క గంతులో దాటబోతే నడుం విరుగుతుందని తేలింది. మధ్యలో మూడుచోట్ల ఆగాలి, ఆగిన ప్రతిచోటా పరీక్షించాలి. ఏది ఎక్కడ మొరాయిస్తుందో అంతా నోటు పుస్తకంలో రాసుకుంది. మిగిలింది ఒక్కటే. శనివారం రాత్రి ఎవరూ పనిచేయని వేళ పెద్దాయనను ఆపి, డిస్కులకు తాజా నకలు తీయాలి. రేపు ఏం చెడినా వెనక్కి రావడానికి అదొక్కటే దారి. ఆయన నడుస్తుండగా తీసిన నకలు సగం నిజం, సగం అబద్ధం.

రాత్రి పదకొండు. మూడో అంతస్తులో ఆమె ఒక్కతే. మేనేజరు ఇచ్చిన తాళంచెవి బల్ల మీద ఉంది. ఇచ్చేముందు ఆయన దాన్ని దేవుడి పటానికి తాకించడం ఆమె చూసింది, చూడనట్టు ఊరుకుంది.

పెద్దాయనను ఆపింది. నకలు మొదలైంది. ఒక శాతం... రెండు... మూడు...

ఆగిపోయింది.

తెర మీద కొత్త వరస వచ్చింది. పెద్దాయన లేచాడు.

"నేనే సరిగ్గా ఆపలేదేమో" అనుకుంది, పైకే అంది కూడా. ఆ ఖాళీ హాల్లో తన గొంతు తనకే నచ్చలేదు.

తలనొప్పికి జడ విప్పుకుని, శాలువా కప్పుకుని, ఫోను లైటు పట్టుకుని కిందికి దిగింది. తాళం వేసినట్టే ఉంది. తీసింది. లోపల చలి... ఫ్యాన్ల హోరు... పెద్దాయన నుదుటి మీద పచ్చ దీపం. మనిషి జాడ లేదు. గదంతా కలయతిరిగి చూసింది. ఒక చిన్న అద్దం కిటికీ, ఒక మూల గోడలో తాళం వేసి ఉన్న బీరువా తలుపులాంటిది. అంతే.

పైకొచ్చి మళ్ళీ ఆపింది. ఈసారి గడియారం చూసుకుంది. ఆరో నిమిషంలో... లేచాడు.

అప్పుడు భయమేసింది. అబద్ధమెందుకు, బల్ల కింద కూడా ఒకసారి వంగి చూసుకుంది. సరిగ్గా అదే క్షణాన ఫోను మోగింది. ఆమె కుర్చీలోంచి జానెడు ఎగిరింది.

"అమ్మా, దెయ్యం వచ్చిందా?" కూతురు.

"నువ్వింకా పడుకోలేదా? నాన్నేరి?"

"నాన్న గురక పెడుతున్నారు. వస్తే ఫోటో తీసి పంపవా? నేను క్లాసులో చెప్పేశాను."

"ఏమని?"

"మా అమ్మ దెయ్యాన్ని ఆపడానికి వెళ్ళిందని."

అక్కయ్య ఫోను పెట్టేసింది. ఎనిమిదేళ్ళుగా ఆ పిల్ల క్లాసులో చెప్పుకునేలా తను చేసిన పని ఇదొక్కటే. ఇంటికి పారిపోతే ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? భయం పోలేదు గానీ దాని మీద ఒళ్ళు మండింది.

పెద్దాయనకు ఒక ఆజ్ఞ రాసింది. 'పది నిమిషాల తర్వాత నీ అంతట నువ్వు ఆగిపో.' ఫోను జేబులో వేసుకుని, మూడంతస్తులూ గబగబా దిగి, గదిలో దూరి, తలుపు లోపల గడియ పెట్టి, పెద్దాయన వెనకాల చీకట్లో గొంతుక్కూర్చుంది.

ఏడు నిమిషాలు... ఎనిమిది... పళ్ళు టకటకలాడుతుంటే శాలువా అంచు నోట్లో కుక్కుకుంది.

పది.

ఫ్యాన్లు నెమ్మదించాయి. పచ్చ దీపం ఆరింది. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

అప్పుడు... అడుగుల చప్పుడు.

వరండాలోంచి కాదు. గోడలోంచి.

కర్... కర్... అడుగులు దగ్గరయ్యాయి. ఎక్కడో తాళం తిరిగిన చప్పుడు. బీరువా తలుపు — కిర్రుమంటూ తెరుచుకుంది. చల్లగాలి. ఆ గాలితో పాటు నిలువెత్తు నల్లని ఆకారం. ముసుగు. తల ఎక్కడో, భుజాలెక్కడో తెలియదు. అక్కయ్యకు అరుద్దామంటే నోట్లో శాలువా ఉంది.

ఆకారం పెద్దాయన ముందుకొచ్చి ఆగింది. దాని చెయ్యి పైకి లేచింది. ఆ చెయ్యి... వణుకుతోంది.

"మళ్ళీ వచ్చావా..." అంది ఆకారం, గుసగుసగా, ఏడుపు గొంతుతో. "నన్నేం చెయ్యకు... మీట నొక్కి పోతాను... ఇంట్లో మనవరాళ్ళున్నారు..."

అక్కయ్య ఫోను లైటు వేసింది.

ఆ కేక ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. ఇద్దరిదీ అనుకోవడం న్యాయం. ఆకారం దుప్పటితో సహా నేల మీద కూలబడింది. దుప్పట్లోంచి ముందు తెల్లటి మీసం, తర్వాత కాకీ చొక్కా, చివరికి వెనక గేటు కాపలాదారు బయటపడ్డాడు.

"ఎవరు బాబాయ్ నువ్వు?"

"మీరు... మనిషేనా తల్లీ?"

"మనిషినే. ఇక్కడే, మూడో అంతస్తులో పని."

"మరి ఇందాక కిటికీలో జుట్టు విరబోసుకుని తిరిగిన ఆడదెయ్యం?"

"అదీ నేనే."

ముసలాయన దుప్పటి లాగేసుకుని గోడకు చేరగిలబడ్డాడు. ఆ తర్వాత సంగతంతా బయటికొచ్చింది. పెద్దాయనను ఇక్కడ పెట్టిన ఇంజనీరు ఉద్యోగం మానేసి వెళ్తూ, గోడలోని ఈ వెనక తలుపు తాళంచెవి ఈయన చేతిలో పెట్టి ఒక మాట చెప్పాడట. 'బాబాయ్, నీ కుర్చీలోంచి ఆ పచ్చ దీపం కనబడుతుంది. అది ఆరితే ఆసుపత్రుల్లో జనం చస్తారు. వెంటనే వచ్చి ఈ మీట నొక్కు.' ఆ తర్వాత ఎవరూ వచ్చి వద్దని చెప్పలేదు. ముందు గేటున వచ్చిపోయే పై అంతస్తులవాళ్ళకు వెనక గేటున ఒక మనిషి ఉన్నట్టే తెలియదు.

"ఎవరూ లేని గదిలో దీపం దానంతట అదే ఎందుకారుతుంది చెప్పండి?" అన్నాడు ముసలాయన. "ఈ గదిలో ఏదో ఉందని నాకప్పుడే తెలుసు. ఆరిన ప్రతిసారీ కుర్చీలోంచి లేవబుద్ధయ్యేది కాదు. అయినా వచ్చి నొక్కేవాణ్ణి. ఒకసారైతే తలుపు అవతల ఎవరో కెవ్వుమని అరిచి పరిగెత్తిన చప్పుడు కూడా విన్నాను."

అది మేనేజరు.

అక్కయ్యకు నవ్వాగలేదు. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వి, పెద్దాయన పని ఏమిటో, ఆయనను ఎందుకు ఆపాలో, ఇంతకుముందు ఆపబోయిన ముగ్గురికీ ఏమైందో విడమరిచి చెప్పింది. వింటున్న కొద్దీ ముసలాయన మొహం పాలిపోయింది.

"అంటే... వాళ్ళ పనంతా చెడగొట్టింది నేనేనా? ఇది పైన రాస్తారా తల్లీ? రాస్తే రేపే ఇంటికి పంపుతారు."

"ముందు ఇక్కడ కూర్చో బాబాయ్. నేను చెప్పేదాకా ఎవరొచ్చినా మీట నొక్కనివ్వకు" అంది అక్కయ్య. ముసలాయన స్టూలు వేసుకుని, రెండు చేతులూ చంకల్లో దోపుకుని కూర్చున్నాడు. అలవాటుగా చెయ్యి ఎక్కడ లేస్తుందోనని తనమీద తనకే నమ్మకం లేదు పాపం.

ఆమె పైకెళ్ళి మొదలుపెట్టిన నకలు మూడు గంటలు పట్టింది. దాన్ని వేరే యంత్రంలో పోసి, తెరుచుకుంటోందని చూసుకున్నాకే, ముసలాయన చేత మీట నొక్కించి, ఆమె అసలు పనికి దిగింది. మొదటి మజిలీ దాటింది. రెండో దగ్గర పెద్దాయన మొరాయిస్తే నోటు పుస్తకం చూసి సర్దింది. మూడోది దాటేసరికి కిటికీ తెల్లబడింది. నలభై మంది పని మొత్తం మొదటినుంచి కలిపించి, పరీక్షించమంది. ఒక్క తప్పూ లేకుండా మూట బయటికొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి, ఎవరూ లేరు కదా అని కాసేపు ఏడ్చింది.

సోమవారం మేనేజరు ముందు నివేదిక పెట్టింది. పాత ప్రయత్నాలు ఎందుకు చెడ్డాయో రాయాల్సిన గడి ఒకటుంది అందులో. శనివారం నుంచి ఆమెను తినేసింది ఆ గడే. నిజం రాస్తే తన తెలివికి మెప్పు, ముసలాయనకు సెలవు. ఇంటికి పొమ్మనడం ఎలా ఉంటుందో ఆమెకెవరూ చెప్పక్కర్లేదు.

మేనేజరు చదివాడు. 'కారణం: గదిలో దెయ్యం. తీసుకున్న చర్య: ఎదురుగా కూర్చుని మాట్లాడాం. ఇకమీదట యంత్రం ఆపే ముందు వెనక గేటు దగ్గర చెప్పి వెళ్ళాలి. చెబితే ఏమీ అనదు.'

ఆయన లేచి తన గది తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"మేడమ్..." గొంతు తగ్గించాడు. "చూశారా మీరు? దాని పాదాలు... వెనక్కి తిరిగి ఉన్నాయా?"

"లేదు సార్. ముందుకే ఉన్నాయి. రబ్బరు చెప్పులు. ఎడమదానికి పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుంది."

మేనేజరు పెన్ను తీసి నివేదిక మీద సంతకం పెట్టాడు. అదే పెన్నుతో ఆమె ఉద్యోగం ఖాయం చేసిన కాగితం మీద కూడా పెట్టాడు.