ఇరవై పూసల గడువు

"ఆపెయ్ అమ్మా! ఇంక చాలు... నేనీ పరీక్షకి వెళ్ళను!"

సియా విసిరేసిన పెన్సిలు వంటింటి గచ్చు మీద దొర్లుకుంటూ పోయి తల్లి పాదం దగ్గర ఆగింది. ఇగ్నాసియా దాన్ని తీయలేదు. ఆమె ఒళ్ళో జపమాల ఉంది. మాల మొత్తం ఒకసారి తిరిగిపోయి, రెండోసారి కూడా సగానికి వచ్చింది. అంతసేపూ కూతురు ఒకే ఒక్క ప్రశ్న ముందు కూర్చుంది! కాగితం నిండా కొట్టివేతలే. రాసిన లెక్కే మళ్ళీ రాయడం, వచ్చిన జవాబే మళ్ళీ రావడం, దాన్ని నమ్మలేక మళ్ళీ కొట్టేయడం...

ఇంజనీరు లైసెన్సు పరీక్షంటే ఎనభై ప్రశ్నలు, ఎనిమిది గంటలు. ప్రశ్నకి ఆరు నిమిషాలు, అంతే. ఫోనులో గంట పెట్టుకుంటే అది మోగిన ప్రతిసారీ సియా ఉలిక్కిపడేది. అందుకే ఇగ్నాసియా తానే గడియారమైంది. "ఇరవై పూసలకి ఆరు నిమిషాలు పడుతుందే. నేను జపం చేసుకుంటూ కూర్చుంటా. ఇరవై కాగానే బల్ల మీద తడతా. రాకపోతే గుర్తు పెట్టుకుని ముందుకి పో, చివర్లో మళ్ళీ రావచ్చు" అంది. వంతెనల లెక్కలు, రోడ్ల లెక్కలు, నీటి గొట్టాల లెక్కలు సియాకి పది పన్నెండు పూసల్లోనే అయిపోయేవి. అడ్డుగోడ లెక్క వస్తే మాత్రం... కొండమట్టి జారకుండా కట్టే గోడ, వెనక మట్టి ఎంత బలంగా తోస్తుంది, గోడ నిలుస్తుందా పడుతుందా అన్న ఆ లెక్క వస్తే మాత్రం, ఆమె చేతికి సంకెళ్ళు పడేవి. రెండుసార్లు పరీక్ష తప్పింది అందుకే. తెలియక కాదు, టైము చాలక!

"వదిలేసి ముందుకి పొమ్మన్నాను కదే తల్లీ..."

"ఎలా వదలనమ్మా?" సియా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ముప్పై ఐదేళ్ళ ఆడది చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. "వదిలి వెళ్ళిపోతుంటే... అన్నయ్య ఇంకా దాని కిందే ఉన్నట్టుంటుందమ్మా! పిలుస్తున్నట్టుంటుంది..."

ఇగ్నాసియా చటుక్కున పెరటి వైపు చూసింది. ఎందుకంటే కొడుకు విదాల్ ఆ క్షణంలో పెరటి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

తొమ్మిదేళ్ళుగా వస్తున్నాడు. వాన పడే మధ్యాహ్నాల్లో వస్తాడు. చీలమండల దాకా ఎర్రమట్టి, జుట్టులోంచి నీళ్ళు. ఏమీ అడగడు. తల్లి వంక చూస్తాడంతే. మొదట్లో ఆమె గబగబా గుడ్డ తెచ్చి గచ్చు తుడిచేది. తుడిచి చూస్తే గుడ్డ పొడిగా ఉండేది...

విదాల్ మలేసో ఊరి చివర కొండ వాలులో ఇల్లు కట్టుకున్న ఏడాది సియాకి ఇరవై ఆరు. చదువైపోయింది, లైసెన్సు లేదు. అన్న ఇంటి వెనక అడ్డుగోడకి బొమ్మ గీసింది, లెక్క కట్టింది తనే. లైసెన్సున్న ఇంజనీరొకాయన పైపైన చూసి ముద్ర వేశాడు. గోడ కట్టింది తండ్రి ఫెలీస్. దీవి దక్షిణపు ఊళ్ళన్నిటిలో పేరున్న మేస్త్రీ ఆయన. అక్టోబరు తుపానులో రెండు రోజులు ఆగకుండా వాన కురిసింది. నీళ్ళు ఎటు పోతున్నాయో చూద్దామని విదాల్ ఇంటి వెనక్కి వెళ్ళాడు. గోడ అతని మీద పడింది. అతని భార్య హులీటా నెలల బిడ్డతో పుట్టింట్లో ఉండబట్టి ఆ ఇద్దరూ మిగిలారు!

బొమ్మ మూలన సియా పేరుంది. ఊరికి అంతకంటే ఏం కావాలి? "కాలేజీ పిల్ల లెక్క తప్పింది, అన్నని మింగింది" అన్నారు. హులీటా మాట్లాడటం మానేసింది. ఫెలీస్ నోరు మెదపలేదు. రెండేళ్ళ తర్వాత గుండె జబ్బుతో మంచాన పడ్డప్పుడు, ఒక తెల్లవారుజామున భార్య చెయ్యి పట్టుకుని చెప్పాడు.

"ఇగ్నా... గోడ వెనక కంకర పొయ్యలేదు నేను. నీళ్ళు బయటికి పోయే గొట్టాలూ పెట్టలేదు. కంకర తెచ్చే పడవ ఆలస్యమైంది. బిడ్డ పుట్టేలోగా ఇంట్లో దిగాలని పిల్లల తొందర. అక్కడ తవ్విన మట్టే నింపేసి పైన నున్నగా పూత పూసేశాను. తర్వాత సరిచేద్దామనుకున్నా. సియా బొమ్మలో అన్నీ ఉన్నాయి... అన్నీ గీసింది పిల్ల! నేను వాడి దగ్గరికే పోతున్నాను, వాడికి నేనే చెప్పుకుంటా. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు. నా పేరు మట్టిలో కలపకు."

ఆమె మాటిచ్చింది. ఆ మాట ఏడేళ్ళుగా ఆమె గొంతులో ముల్లై కూర్చుంది. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ముందు గదిలోంచి చనిపోయిన మొగుడు గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించేది. ఖాళీ కుర్చీ కిర్రుమనేది. ఆమె నోరు మూసుకునేది...

ఇప్పుడూ వినిపించింది. కానీ గుమ్మంలో కొడుకు చూస్తున్నాడు, బల్ల దగ్గర కూతురు ఏడుస్తోంది. పరీక్ష ఇంకా పందొమ్మిది రోజులుంది. సియా ఆఫీసులో ముద్ర వేసే ముసలాయన డిసెంబరులో హవాయికి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. ఈసారి సియా ప్యాసవకపోతే ఆ చిన్న ఆఫీసు మూతపడుతుంది. అది కాదు అసలు సంగతి... ఈ పిల్ల ఆ గోడ కింద బతికుండగానే సమాధి అయిపోతుంది!

"తప్పు నీ లెక్కది కాదే!" అంది ఇగ్నాసియా. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. "మీ నాన్న కంకర పొయ్యలేదు..."

మొత్తం చెప్పింది. పడవ సంగతి, మట్టి సంగతి, మంచం మీద మాట. సియా ఏడుపు ఆగిపోయింది. తల్లి ముఖంలోకి చూసింది.

"నీకు ఏడేళ్ళుగా తెలుసా?"

"మాటిచ్చానమ్మా..."

"చచ్చిపోయినాయనకి మాటిచ్చావు. బతికున్న నన్ను కూర్చోబెట్టి పూసలు లెక్కపెట్టావు!" సియా లేచింది. "పాపకి ఏడేళ్ళప్పుడు, దాని మొదటి సత్ప్రసాదం విందుకి వదిన నన్ను గుమ్మంలోంచి పంపేసింది, గుర్తుందా? అప్పుడు నా పక్కనే ఉన్నావు నువ్వు. అప్పటికే తెలుసు నీకు! ఒక్క మాట... ఒక్క మాట అనలేకపోయావా అమ్మా!"

పుస్తకాలు సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆఫీసులోనే చదువుకుని చీకటి పడ్డాక వచ్చేది. వండి పెట్టిన ఎర్రన్నం, చేపల కూర మూత తీయకుండానే ఉండిపోయేవి. ఇగ్నాసియా ఒక్కతే వంటింట్లో కూర్చునేది. గుమ్మంలో కొడుకు, ముందు గది కుర్చీలో మొగుడు. ఇప్పుడు ఆ కుర్చీలోంచి దగ్గు కూడా రావడం లేదు. ఆ నిశ్శబ్దమే ఆమెని ఎక్కువ భయపెట్టింది...

నాలుగో రోజు పక్కింటివాళ్ళ బండెక్కి హగాట్ వెళ్ళింది. హులీటా అక్కడ ఒక బడి వంటశాలలో పని చేస్తోంది. అత్తని చూడగానే తడి చెయ్యి గౌనుకి తుడుచుకుని, వంగి ఆమె చేతిని ముక్కుకి ఆనించుకుంది. ఎన్ని పట్టింపులున్నా పెద్దలకి చేసే ఆ మర్యాద మాత్రం తప్పదు.

"ఏంటత్తయ్యా, ఇంత దూరం? ఒంట్లో బాగుందా?"

"కూర్చోవే. నేను చెప్పేది విన్నాక నన్ను తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి. ముందు విను."

హులీటా గరిటె పట్టుకునే విన్నది. అంతా అయ్యాక గరిటె పక్కన పెట్టి నెమ్మదిగా నేల మీద చతికిలపడింది.

"తొందర పెట్టింది నేనే అత్తయ్యా."

"ఏంటీ?"

"నేనే! బిడ్డని అద్దింటికి తీసుకెళ్ళనని పట్టుబట్టాను. మావయ్య వచ్చి, కంకర రాలేదమ్మా, మూడు వారాలు ఆగుదామా అని నన్నడిగాడు. 'మీరు మేస్త్రీనా, ముసలమ్మా, ఇలా నసుగుతారేంటి' అని నవ్వాను. నవ్వాను అత్తయ్యా!" హులీటా గుండెలు బాదుకుంది. "గోడ పడ్డరోజే నాకు అనుమానం. నిజమైతే నేను బతకలేనని... సియా మీద పెట్టేశాను. దాన్ని తిడుతూ ఉంటే నాకు ఆ నవ్వు వినపడేది కాదు..."

ఇద్దరు ఆడవాళ్ళూ ఆ ఆవిరి గదిలో ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఎవరి తప్పు ఎంతో ఏ తూకానికీ అందలేదు.

పరీక్ష రోజు పొద్దున ఇగ్నాసియా లేచేసరికే సియా వెళ్ళిపోయింది. పరీక్షకే వెళ్ళిందో, మరెటో! కాసేపటికి హులీటా బండి వచ్చి ఆగింది. "ఎక్కండి అత్తయ్యా. టమునింగ్ పోదాం. వెళ్ళిందో లేదో చూద్దాం."

పరీక్షా కేంద్రం ముందు సియా పాత బండి ఉంది. ఇగ్నాసియా ప్రాణం లేచొచ్చింది. ఎనిమిది గంటలు! ఇద్దరూ బండిలోనే కూర్చున్నారు. ఎండ వచ్చింది, వాన వచ్చింది, మళ్ళీ ఎండ. హులీటా తెచ్చిన, కొబ్బరీ నిమ్మరసమూ కలిపిన కోడి కెలగ్వెన్ డబ్బా వాళ్ళ మధ్య అలాగే ఉండిపోయింది. నాలుగున్నరకి సియా బయటికొచ్చింది. తెల్లటి కాగితంలా ఉంది ముఖం. వదినని చూసి ఆగిపోయింది.

హులీటా దిగి వెళ్ళింది. ఏం చెప్పిందో ఇగ్నాసియాకి వినపడలేదు. సియా భుజాలు ఒక్కసారిగా కుంగిపోవడం, హులీటా ఆమెని పట్టుకోవడం మాత్రం కనిపించింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఆ రెండు తలలూ ఒకదాని మీదొకటి వాలాయి...

తర్వాత సియా తల్లి దగ్గరికి వచ్చి, పక్క సీట్లో కూర్చుని, ముందు అద్దంలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"వచ్చిందమ్మా. పదిహేడో ప్రశ్న. అడ్డుగోడ."

"అయ్యో తల్లీ..."

"ఆరు నిమిషాలు చేశాను. జవాబు వాళ్ళిచ్చిన నాలుగింటిలో దేనికీ కుదర్లేదు. గుర్తు పెట్టాను. వదిలేశాను. క్షమించు అన్నయ్యా, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాను. మధ్యలో విరామం తీసుకుంటే అంతకుముందు ప్రశ్నలకి మళ్ళీ రానివ్వరు. మొదటి సగం నలభై ప్రశ్నలూ అయ్యేసరికి ఇంకా పదకొండు నిమిషాలు మిగిలింది. వెనక్కెళ్ళి చూశాను. గోడ వెనక నిలిచిన నీటి ఒత్తిడి కలపలేదు నేను. అంతే! కలిపాను. కుదిరింది."

ఇంకో మాట కూడా అంది. "ఆ పాత లెక్క బయటికి తీశానమ్మా, మొన్న. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. పునాది దగ్గర నాదీ ఒక తప్పుంది. చిన్నది. కంకర పోసుంటే గోడ నిలిచేదే. అయినా ఉంది. నీ మీద అరిచిన నోటితోనే ఇది కూడా చెప్పాలని..."

ఇగ్నాసియా కూతురి తల ఒళ్ళోకి లాక్కుంది. "నన్ను క్షమించానని అనకే, ఇప్పుడే అనకు. ఇలా కాసేపు ఉండు చాలు."

రెండు వారాల్లోగా ఫలితం వచ్చింది. ప్యాస్! ఆ మాట తెర మీద చూసి ఎవరూ గంతులెయ్యలేదు. ముగ్గురూ దాన్ని తలా ఒకసారి చదివారు, అంతే.

అక్టోబరులో విదాల్ సంవత్సరీకపు ప్రార్థనలు తొమ్మిది సాయంత్రాలు జరిగాయి. ఆఖరి సాయంత్రం బంధువులంతా నిండుగా ఉండగా ఇగ్నాసియా లేచి నిలబడింది. ఒక పక్క సియా, ఒక పక్క హులీటా. మొగుడి పేరు చెప్పింది, కంకర సంగతి చెప్పింది, తన మౌనం సంగతి చెప్పింది. "నా కూతుర్ని ఇన్నేళ్ళు మీరు అన్న మాటలన్నీ నాకు చెందాలి" అంది.

ఒక మూల నుంచి ముసలి గ్రెగోరియో కర్ర ఆనించుకుని లేచాడు.

"ఫెలీసు నాకు అన్నలాంటివాడు. మా ఇంటి వెనక గోడ కూడా ఆయనే కట్టాడు. దాని కిందే నా మనవలు ఆడుకుంటారు... అందులో కంకర ఉందా, వదినా?"

మిగతా వాటిలో వేశాడో లేదో ఇగ్నాసియాకి తెలియదు. ఫెలీస్ చెప్పలేదు, ఆమె అడగలేదు! ఒకరి వెనక ఒకరు గుసగుసలాడారు. మాదీ ఆయనే, మా అల్లుడి ఇంటిదీ ఆయనే... నలభై ఏళ్ళ పేరు ఆమె కళ్ళ ముందే కూలిపోతోంది.

"రేపు పొద్దున వచ్చి చూస్తాను బాబాయ్" అంది సియా. గొంతు స్థిరంగా ఉంది. "ఒక్కొక్క గోడా తవ్వించి చూస్తాను. బాగోకపోతే బాగుచేయించి నా ముద్ర వేస్తాను. అప్పటిదాకా పిల్లల్ని అటు పంపకండి."

మర్నాడు తెల్లవారగానే సియా బల్ల మీద కాగితం పరిచింది. హులీటా కాఫీ పోసింది. ఫెలీస్ ఎక్కడెక్కడ గోడలు కట్టాడో ఇగ్నాసియా గుర్తు చేసుకుని చెప్పడం మొదలుపెట్టింది. ఏ ఊరు, ఎవరి ఇల్లు, ఏ ఏడు. ఒకప్పుడు ఆ పేర్లు చెబుతుంటే ఆమె గుండె పొంగేది. ఇప్పుడు ఒక్కో పేరూ ఒక్కో రాయిలా దిగుతోంది. పద్నాలుగు పేర్లయ్యాయి. పదిహేనోది నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"చెప్పమ్మా. ఇంకా ఎవరిది?"

ఇగ్నాసియా వంటింటి కిటికీ వైపు చూసింది. అవతల, పెరట్లో, నాచుపట్టిన గోడ. దాని మీదుగా కొండ.

"మనదేనే" అంది చాలా మెల్లగా.

సియా కిటికీలోంచి చూసింది. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుని, అన్ని పేర్ల కంటే పైన ఖాళీ ఉన్నచోట 'మన ఇల్లు' అని రాసింది.

"దీన్నే ముందు చూద్దాం" అని తల్లికి చెయ్యి అందించి లేపింది. "వదినా, పెరట్లో గడ్డపార ఉంటుంది, కాస్త అందుకో."