డెల్ అని కొట్టిన దెబోరా

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పైకి పాకుతున్నాయి. దెబోరా చూస్తూ ఉంది. మొదట తన పేరు కనిపించింది. తర్వాత కామాక్షి పేరు. ఆ తర్వాత పట్టాభి పేరు.

వీళ్ళ ఫోల్డర్లు ఎందుకొస్తున్నాయి అనుకునేలోగా అక్షరాలు ఆగిపోయాయి.

అది కలకత్తా దగ్గర సంత్రాగాఛి రైల్వే కాలనీలో తెలుగు సంఘం గది. శనివారం, పదకొండు గంటలు. గదిలో ఉన్నది ఒకటే కంప్యూటర్. కాలనీ పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో పెద్దమనిషి దగ్గర కూర్చుని, వాళ్ళ చిన్ననాటి కబుర్లు విని, అందులో టైపు చేశారు. మాటలు తెలుగువే, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. సగంమంది పిల్లలకు తెలుగు చదవడం సరిగ్గా రాదు మరి. సంఘం పనులు చూసే రోజమ్మ ఆంటీ సోమవారం అవన్నీ పుస్తకంగా అచ్చుకు పంపాలి.

దెబోరా ఆరో తరగతి. టైపు చేయడంలో అందరికంటే చురుకు. తన ఫోల్డర్ నిండా పాత కాపీలు పేరుకుపోయాయి. మంచి కాపీని సీడీలో దాచుకుని, మిగతావి తీసేద్దామనుకుంది.

కాలేజీలో చదివే ప్రేమానందం, పిల్లలందరికీ ప్రేమ్‌దా, ఆ కంప్యూటర్‌లో ఒక చిన్న స్క్రిప్టు రాసిపెట్టాడు. దాన్ని నడిపితే పెద్ద ఫోల్డర్‌లోకి, దాని లోపలి ఫోల్డర్లలోకి, వాటి లోపలికి కూడా వెళ్ళి కబుర్ల ఫైళ్ళన్నీ వెతికి చూపిస్తుంది. అందులో 'డిర్' అనే మాట ఉంది. చూపించమని దానర్థం. దెబోరా దాన్ని తీసి 'డెల్' అని కొట్టింది. చెరిపేయమని.

స్క్రిప్టు తన ఫోల్డర్‌లోనే తిరుగుతుందనుకుంది. అది అందరి ఫోల్డర్లలోనూ తిరిగింది.

చెత్తబుట్ట బొమ్మ తెరిచి చూసింది. ఖాళీ. కామాక్షి ఫోల్డర్ తెరిచింది. ఖాళీ.

"దిదీ, లేస్తావా? నేను పాటలు ఎక్కించుకోవాల. రోజమ్మ ఆంటీ సరేనన్నాది." నాలుగో తరగతి పట్టాభి సీడీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

చెప్పేయాలి అనుకుంది దెబోరా. కానీ నల్ల తెర మూసేసి లేచింది.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంది. పట్టాల మీద లోకల్ రైలు వెళ్తుంటే గ్లాసులో నీళ్ళు వణికాయి. వాటినే చూస్తూ ఉండిపోయింది.

"ఏటైందే? జొరమా?" అంటూ అమ్మ దయమ్మ నుదురు పట్టి చూసింది.

"ఏటీ లేదమ్మా."

మూడు గంటలకు కామాక్షి పరుగెత్తుకుంటూ వచ్చింది. "దెబోరా! కబుర్లన్నీ పోయాయంట! పట్టాభిగాడు పాటలు ఎక్కిస్తూ తుడిచేశాడంట. ఒకటే ఏడుపు వాడు!"

దెబోరా చెప్పులు కూడా వేసుకోకుండా సంఘం గదికి పరుగెత్తింది.

గదిలో రోజమ్మ ఆంటీ తల పట్టుకుని కూర్చుంది. ప్రేమానందం కంప్యూటర్ ముందున్నాడు. పట్టాభి మూలన గోడకు ఆనుకుని వెక్కుతున్నాడు. "నేనేటీ చెయ్యలేదు. పాటలే ఎక్కించాను."

"వాడు కాదు," అంది దెబోరా. "నేను. స్క్రిప్టులో డిర్ తీసి డెల్ పెట్టాను ప్రేమ్‌దా. పదకొండింటికి."

ప్రేమానందం చటుక్కున ప్లగ్గు పీకేశాడు.

"ఇంక దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. చెరిపేసినా ఫైలు ఒక్కసారే పోదు. దాని చోటు ఖాళీ అని కంప్యూటర్ రాసుకుంటుందంతే. కొత్తది వచ్చి ఆ చోట కూర్చుంటే అప్పుడు నిజంగా పోతుంది."

"మరి పాటలు?" పట్టాభి కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు.

"అవి ఎవరి కబుర్ల చోట కూర్చున్నాయో చూడాలి," అన్నాడు ప్రేమానందం. సైకిలెక్కి స్నేహితుడి దగ్గరికి వెళ్ళాడు. పోయిన ఫైళ్ళను వెనక్కి తెచ్చే ప్రోగ్రాం ఉన్న సీడీ తెచ్చాడు.

ఫైళ్ళు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. వాటికి పేర్లు లేవు, ఒట్టి నంబర్లే. వందల ఫైళ్ళు, పది ఫోల్డర్లు. ఏది ఎవరిదో తెలియదు.

"పేరుతో వెతకలేం. లోపలున్న మాటతో వెతికే స్క్రిప్టు రాయాలి. రా, కూర్చో," అన్నాడు ప్రేమానందం.

"నేనా?"

"నువ్వే."

దెబోరా ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టింది. ఎంటర్ మీద వేలు పెట్టి ఆగింది. "ఇది చూపించడానికేనా? దేన్నీ చెరపదు కదా? ఒకసారి చూడు ప్రేమ్‌దా."

"చెరపదు. కొట్టు."

బంగారయ్య కబుర్లు దొరికాయి. జగ్గమ్మవి దొరికాయి. గవరయ్యవి దొరికాయి. దొరికినప్పుడల్లా రోజమ్మ ఆంటీ కాగితం మీద టిక్కు పెట్టింది. చివరికి ఒక్క పేరు మిగిలింది. అప్పమ్మ. పట్టాభి నాయనమ్మ.

మూడుసార్లు వెతికారు. లేదు.

"పదకొండింటికే చెప్పుంటే?" దెబోరా నేలచూపులు చూస్తూ అడిగింది.

"దొరికేదేమో," అన్నాడు ప్రేమానందం.

రోజమ్మ ఆంటీ కాగితం మడిచింది. "రేపు ఆదివారం. నేనెళ్ళి అప్పమ్మగారికి చెప్తాన్లే."

"వద్దాంటీ. నేనే ఎళ్తాను."

మర్నాడు ఉదయం అప్పమ్మ వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. దెబోరా నోట్‌బుక్ పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. పట్టాభి తలుపు వెనక నుంచి చూస్తున్నాడు.

"మామ్మా, నీ కబుర్లు నేను చెరిపీసేను. తప్పు పట్టాభిది కాదు. నిన్న వాణ్ణి అందరూ తిడతంటే, అప్పటిదాకా నేను నోరిప్పలేదు."

అప్పమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "అంతా పోయిందేటి? నా పెళ్ళి, పట్టాల మీద మా ఆయన గ్యాంగు పని, అంతానా?"

"అంతా."

"రెండ్రోజులు కూకోబెట్టి చెప్పించినాడే మా మనవడు!" ముసలామె మొహం చిన్నబోయింది. "మళ్ళీ నావల్ల కాదే తల్లీ."

దెబోరాకు ఏడుపొచ్చింది. కానీ వెళ్ళిపోలేదు. కింద కూర్చుని ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగింది. ఇంకొకటి తీసుకుంది. చేట సగం ఖాళీ అయింది.

"మేం రైలు దిగీసరికి వాన," అంది అప్పమ్మ ఉన్నట్టుండి. "నాకు పదిహేనేళ్ళు. నెత్తి మీద ట్రంకుపెట్టె."

దెబోరా చేతులు గౌనుకు తుడుచుకుని నోట్‌బుక్ తెరిచింది. తలుపు వైపు చూసి పిలిచింది.

"పట్టాభీ, నువ్వూ రా. నేనేదైనా తప్పు రాస్తే చెప్పు."