అక్కడ ఎందుకు మానేశారు?

ఉదయం ఏడున్నరకల్లా భోజనాల బల్ల ఆఫీసైపోయింది. కొడుకు బల్లకు అటువైపు కళ్ళజోడు పెట్టుకుని అధికారిలా కూర్చున్నాడు. ఇటువైపు కోడలు, ఇస్త్రీ బట్టలు నలగకుండా, వీపు కుర్చీకి ఆనించకుండా కూర్చుంది. పదిన్నరకు ఆమెకు ఇంటర్వ్యూ. కొత్త ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ ఉద్యోగం. పదకొండేళ్ళ కిందట వేరేచోట ఆమె చేసిందీ అదే పని. వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని అత్తగారు బంగాళాదుంపలకు చెక్కు తీస్తోంది.

కొడుకు ఒక మందుల కంపెనీలో మేనేజరు. ఏడాదికి నలభై యాభైమందిని ఇంటర్వ్యూ చేస్తాడు కాబట్టి, వచ్చేవాళ్ళు చేసే తప్పులన్నీ తనకు కంఠోపాఠం అంటాడు. వాటిని వరసగా కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు కూడా. ఆలస్యంగా వెళ్ళకూడదు, అలాగని గంట ముందు వెళ్ళి గుమ్మంలో పడిగాపులు కాయకూడదు. తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదు. అవతలివాళ్ళ ప్రశ్న పూర్తికాకుండా జవాబు అందుకోకూడదు. పాత యజమానిని తిట్టకూడదు. నేల చూపులు చూడకూడదు.

"కూర్చోగానే జీతమెంత అని అడక్కూడదు. అది రాయలేదు నాన్నా," అంది మనవరాలు. దాన్ని ఇంట్లో అందరూ పిడుగు అంటారు.

"నువ్వు ముందు బూట్లు వేసుకో," అని కొడుకు భార్యవైపు తిరిగాడు. "చెప్పండమ్మా, నరం దొరకని పేషెంటు వస్తే ఏం చేస్తారు?"

"రెండుసార్లకు మించి సూది గుచ్చను. వేడినీళ్ళ గుడ్డ వేసి చూస్తాను. అప్పటికీ దొరక్కపోతే నాకంటే తెలిసినవాళ్ళని పిలుస్తాను."

"భేష్. మరి పాత ఉద్యోగం ఎందుకు మానేశారు?"

కోడలి చూపు బల్ల మీదికి జారిపోయింది. "కాన్పుకి సెలవు పెట్టానండి. ఆరు నెలల తర్వాత పిలుస్తామన్నారు. పిలవలేదు."

కొడుకు పెన్ను బల్ల మీద పడేశాడు. "అదిగో, మళ్ళీ. పోయిన రెండుసార్లూ ఇక్కడే కదా బోల్తా పడ్డావు? పిలవలేదు అంటే ఏమిటి? నేను పనికిరానిదాన్నండీ అని నీ నోటితో నువ్వే చెప్పడం."

"ఉన్నమాటే కదా."

"పాపని చూసుకోవడానికి నేనే మానేశానని చెప్పు. ఎవరొచ్చి కనుక్కుంటారు?"

"నాకు అబద్ధం చేతకాదండీ. చెప్పకముందే మొహం చెప్పేస్తుంది. అయినా చీటీలు మార్చేసిన మనిషిని ఎవరు మాత్రం పిలుస్తారు?"

ఆ చీటీల సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. సెలవు పెట్టే వారం ముందు ఆమె ఇద్దరు పేషెంట్ల రక్తం సీసాలకు ఒకరి పేరు చీటీ ఇంకొకరికి అంటించింది. పరీక్షకు వెళ్ళకముందే తనే కనిపెట్టి, తనే పైవాళ్ళకు చెప్పింది. ఎవరికీ ఏ హానీ జరగలేదు. కానీ ఆరు నెలలైనా పిలుపు రాకపోయేసరికి, కారణం అదేనని ఆమె తీర్మానించుకుంది. వెళ్ళి అడగడానికి మొహం చెల్లలేదు. ఇప్పటికీ వంటింట్లో ఒక డబ్బాలో పప్పు పోయాలన్నా మూత తీసి రెండుసార్లు చూస్తుంది.

అత్తగారి చేతిలో చాకు ఆగిపోయింది. ఆమెకొక్కదానికే తెలుసు. పిలుపు వచ్చింది. ఆ ఫోను ఎత్తింది తనే.

ఎనిమిదింపావుకు కొడుకు పిడుగును బడిలో దింపి ఆఫీసుకు వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ వాకిట్లోంచి, "నేనే మానేశాను. ఈ రెండు ముక్కలూ పదిసార్లు అనుకో," అని కేకేశాడు.

కోడలు గదిలో అద్దం ముందు నిలబడి అనుకోవడం మొదలుపెట్టింది. నేనే మానేశాను. నేనే మానేశాను. నాలుగోసారికి గొంతు సన్నబడింది. తర్వాత వినిపించడం మానేసింది. అత్తగారు గుమ్మంలోంచి తొంగిచూసేసరికి ఆమె మంచం మీద కూర్చుని చేతి గడియారం విప్పేస్తోంది.

"అదేమిటమ్మా, టైమవుతోంది."

"నేను వెళ్ళను అత్తయ్యా. చూడండి." కుడిచెయ్యి చాపింది. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "సూది చేతికిచ్చి రక్తం తియ్యమంటారు. ఈ చేత్తోనా తీసేది? అక్కడికి వెళ్ళి నలుగురిలో తలొంచుకుని వచ్చే బదులు ఇంట్లో ఉంటే మర్యాదగా ఉంటుంది. ఆయనకి నేనే చెప్తాను, ఇంక ఈ ఉద్యోగాల ఊసు వద్దని."

అత్తగారు తలుపు పట్టుకుంది. ఈ నిమిషం నోరు విప్పకపోతే ఈ మనిషి ఇంకెప్పటికీ ల్యాబు కుర్చీలో కూర్చోదు. విప్పితే తనకు ఈ ఇంట్లో చోటుంటుందో ఉండదో తెలియదు.

"పిలిచారు," అంది.

"ఎవరు?"

"మీ ల్యాబు వాళ్ళు. పాపకి ఆరో నెల వెళ్ళగానే. నువ్వు దాన్ని టీకాకి తీసుకెళ్ళావు. ఇంట్లో ఫోను మోగింది. ఆవిడ రాదండీ, మానేసింది అని నేను చెప్పేశాను."

కోడలు గడియారం పక్కన పెట్టేసింది. వీధిలో ఎవరో బండి స్టార్టు కాక తంటాలు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మీరు చెప్పారా? నేను మానేశానని?"

"అవునమ్మా."

"పదకొండేళ్ళు, అత్తయ్యా." ఆమె గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేదనిపించింది అత్తగారికి. "చీటీల గురించి నేను ఏడ్చినప్పుడల్లా నా పక్కనే కూర్చున్నారు కదా. వీపు కూడా నిమిరారు."

"రోజూ చెబుదామనే అనుకున్నాను."

"రోజూనా? ఎన్ని రోజులో లెక్క కట్టుకున్నారా?"

"ఆ ఏడే కదమ్మా మీ మామగారు పోయింది. ఇప్పుడే వస్తానని చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్ళిన మనిషిని నలుగురు మోసుకొచ్చారు. ఆ తర్వాత ఎవరు గడప దాటినా నాకు ప్రాణం ప్రాణంలో ఉండేది కాదు. నువ్వు కూడా వెళ్ళిపోతావని భయమేసింది."

"నేనెక్కడికి వెళ్ళిపోతాను? నాలుగు వీధుల అవతలికి. సాయంత్రానికి వచ్చేదాన్ని కదా."

"అందరూ వస్తామనే వెళ్తారు."

కోడలు లేచింది. గడియారం మళ్ళీ పెట్టుకుంది. సర్టిఫికెట్ల ఫైలు చేతిలోకి తీసుకుంది.

"వాళ్ళు ఇంకో మాట కూడా అన్నారమ్మా..."

"వద్దు. ఇంకేం చెప్పకండి. మీ నోట్లోంచి వచ్చే ఏ మాటా నేనిప్పుడు వినలేను." గుమ్మం దాటుతూ, "వెళ్తున్నాను," అంది. వెళ్ళొస్తాను అనలేదు.

అత్తగారు తలుపు వేయలేదు. చెక్కు తీసిన బంగాళాదుంపలను నీళ్ళలో వేసి, తీసి, మళ్ళీ వేసింది. పదింటికి కొడుకు ఫోన్ చేశాడు.

"బయల్దేరిందా అమ్మా? భయపడిందా?"

"లేదురా. విసవిసా వెళ్ళింది."

"చూశావా, నా కాగితం పనిచేసింది."

ఆమె అవునంది. ఫోను పెట్టేశాక తన గదిలోకి వెళ్ళి, నాలుగు జతల బట్టలు తీసి మంచం మీద పెట్టుకుంది. వెళ్ళమంటే చెల్లెలి ఇంటికి వెళ్ళాలి. ఈ వయసులో వేరొకరి ఇంట్లో ఏ మూల పడుకోవాలో, ఏం చెప్పుకోవాలో ఆమె ఊహకు అందలేదు. పన్నెండయింది. ఒంటిగంట అయింది. చెవులు వీధి మీదే ఉన్నాయి. కోడలి కోపం కంటే, ఆ పిల్ల రోడ్డు సరిగా చూసుకుని దాటిందో లేదో అన్నదే ఆమెను ఎక్కువ తొలిచేస్తోంది.

రెండు కావస్తుండగా చెప్పుల చప్పుడైంది. కోడలు లోపలికి వచ్చి, ఫైలు బల్ల మీద పెట్టి, మంచినీళ్ళు తాగింది. అత్తగారి గదివైపు చూసింది. మంచం మీది బట్టలూ చూసింది.

"అన్నం తిన్నారా?"

"ఇంకా లేదమ్మా."

"ఆ పాపం కూడా నా మీదే పెట్టండి. కూర్చోండి."

ఇద్దరికీ కంచాలు పెట్టింది. అన్నం వడ్డిస్తూ తల ఎత్తకుండానే మొదలుపెట్టింది. "అక్కడి పెద్ద టెక్నీషియన్ సూది నా చేతికిచ్చి తన చెయ్యే చాపింది. తియ్యి, అంది."

"చెయ్యి వణికిందా?"

"లేదు. అది మీ మీద కోపంలో ఉంది. వణకడానికి తీరిక లేదు."

అత్తగారు నవ్వాలో వద్దో తెలియక మంచినీళ్ళ గ్లాసు పట్టుకుంది. "ఆ ప్రశ్న అడిగారా?"

"అడిగారు. వాళ్ళు పిలిచారండీ, నేను వెళ్ళలేదు అన్నాను. తలెత్తే అన్నాను. ఎందుకని అడిగారు. మా ఇంట్లో పెద్దావిడకి ఆ ఏడు పెద్ద దెబ్బ తగిలింది, ఒక్కరూ ఉండలేకపోయారు, తోడుగా ఉండిపోయాను అన్నాను."

"నన్ను ఒక్క మాటా అనలేదా?"

"పాత యజమానిని తిట్టకూడదట కదా. ఫ్రిజ్ మీద రాసుంది."

ఈసారి అత్తగారి కళ్ళు నిండిపోయాయి. కోడలు చూసి కూడా చూడనట్టే కూర వడ్డించింది.

"సోమవారం నుంచి రమ్మన్నారు. ఎనిమిదికి వెళ్తే వచ్చేసరికి ఐదవుతుంది. అందాకా మీరొక్కరే ఉండగలరా?"

ఉంటానమ్మా, నాకేం అనబోయింది అత్తగారు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఈ మనిషికి ఇంకొక అబద్ధం చెప్పలేకపోయింది.

"ఉండలేను. భయమేస్తుంది. అయినా ఉంటాను. నువ్వెళ్ళు."

"నేనింకా మిమ్మల్ని క్షమించలేదు."

"తెలుసమ్మా."

"ఎప్పటికి క్షమిస్తానో కూడా తెలీదు. అందాకా ఆ బట్టలు బీరువాలో పెట్టుకోండి."

ఇద్దరూ కొంత తిన్నారు. ఉన్నట్టుండి కోడలు అడిగింది. "పొద్దున ఏదో చెప్పబోయారు. ఆ ఫోనులో వాళ్ళు ఇంకేమన్నారు?"

అత్తగారు గుర్తు తెచ్చుకోవలసిన అవసరం లేకపోయింది. పదకొండేళ్ళుగా ఆ మాటలు ఆమెను నిద్రపోనివ్వలేదు. "పెద్దావిడెవరో మాట్లాడింది. చంటిపిల్లలకి రక్తం తియ్యాలంటే ఆవిడ చెయ్యే పడాలండీ, అంది. ఆవిడ లేనప్పట్నుంచి మా దగ్గర పిల్లల ఏడుపు ఎక్కువైంది. ఆవిడ కుర్చీలో ఇంకా ఎవర్నీ కూర్చోబెట్టలేదు, తొందరగా రమ్మనండి, అంది."

కోడలు ముద్ద కంచంలో వదిలేసింది. "చీటీల సంగతి ఎత్తలేదా?"

"ఊసే లేదమ్మా."

"కుర్చీ ఖాళీగా ఉంచారా?"

"ఉంచారట."

ఆమె ఎడమచేత్తో మొహం కప్పుకుంది. పొద్దుటినుంచీ బిగబట్టుకున్నదంతా భుజాలు కుదిపేస్తూ బయటికి వచ్చింది. అత్తగారు చెయ్యి ముందుకు చాపి, నిమిరే హక్కు తనకుందో లేదో తెలియక, మధ్యలోనే ఆగింది. కోడలు ఆ చెయ్యి అందుకోలేదు, తోసేయనూ లేదు. చాలాసేపటికి మొహం తుడుచుకుంది.

"మళ్ళీ చెప్పండి. మొదట్నుంచి. ఆవిడ గొంతు ఎలా ఉంది, ఏ మాట ముందు అంది, అన్నీ."

అత్తగారు తన కుర్చీని ఆమె పక్కకు జరుపుకుంది. ఒక్క మాటైనా పోనివ్వకుండా, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.